ఇస్త్రీ చేసే మనిషి ఎడమచెయ్యి

ఫ్రేముల కొట్టు,
మెట్లకింద గది.
ఫిబ్రవరి 3

పిచ్చుకా,

ఈ ఉత్తరంతోపాటు ఒక చెక్కపెట్టె అందుతుంది. తెరిచేముందు చేతులు కడుక్కో. కాగితాలకు వైద్యం చేసే మనిషికి ఈ మాట చెప్పనక్కర్లేదని నాకూ తెలుసు. నలభై ఐదేళ్ళు ఈ కొట్లోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది. మొన్న కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా చెప్పాను. పాపం, కడుక్కునే వచ్చాడు. మేనకోడలికి ఫోను చెయ్యొచ్చు కదా అని మీ అమ్మ పోరుతోంది. నా కుడిచెవి ఎప్పుడో రాజీనామా ఇచ్చింది, ఎడమది దీర్ఘకాలిక సెలవులో ఉంది. ఉత్తరమే సుఖం. ఇందులో నన్ను మధ్యలో ఆపేవాళ్ళు ఉండరు.

పెట్టెలో ఉన్నది నర్సమ్మగారి బొమ్మ. అంటే ఆవిడ గీసిందీ కాదు, ఆవిణ్ణి గీసిందీ కాదు. ఆవిడ సొత్తు. బొమ్మలో ఉన్నది ఆవిడ తల్లి. డెబ్భై ఏళ్ళ కిందట ఆ తల్లి వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు నడిపేది. కొట్టు పైగదిలో అద్దెకుండేవాడు ఆ చిత్రకారుడు. ఇవాళ మీ గ్యాలరీవాళ్ళు ఎవరి పేరు వినపడగానే కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారో ఆయనే. అప్పట్లో ఆయన కోసం కుర్చీలో సర్దుకున్న మనిషి లేడు. ఆయన గదిలో అసలు కుర్చీయే లేదు. మెట్లు ఎక్కుతూ దిగుతూ కింద ఆ ఇస్త్రీ మనిషి పని చూసి చూసి, ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి గీసేశాడు. మసి సిరా, ఉక్కు పాళీ, పైన పలచగా నీటిరంగులు. రెండు గంటల్లో పూర్తి. మనమైతే ఆ రెండు గంటలూ పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంటాం.

విషయం ఏమిటంటే, నర్సమ్మగారికి డెబ్భై ఎనిమిది నిండాయి. పెద్దిల్లు ఖాళీ చేసి ఒంటిగదికి మారుతోంది. ఆ గదికి మూడు గోడలకు కిటికీలు, నాలుగో దానికి తలుపు. బొమ్మకు చోటు లేదు. అందుకని మీ గ్యాలరీకి ఊరికే ఇచ్చేస్తానంటోంది, ఒక్కటే షరతు: గోడకు తగిలించాలి. మీవాళ్ళ షరతు నీకు తెలుసు: బొమ్మంతా ఒకే చేతి పని అని నువ్వు పరీక్షించి సంతకం పెడితే గోడ, లేకపోతే గోదాము. గోదాములోకి వెళ్ళిన బొమ్మ మళ్ళీ వెలుగు చూడటం నేను వినలేదు.

ఆ మొహం చూడు. కనుబొమ్మ దగ్గర పాళీని ఎక్కడ ఎత్తాడో, మళ్ళీ ఎక్కడ దించాడో చూడు. పెదవి కింద నీడ ఒక్క తడి గీత, రెండోసారి ముట్టుకోలేదు. ఆవిరికి చెమటపట్టిన మెడ. ఇస్త్రీపెట్టె బరువంతా కుడిభుజంలోకి దిగిన తీరు. ఆ మొహం గీసింది ఆయన కాకపోతే నేను ఫ్రేములు కట్టడం మానేసి గొడుగులు బాగుచేసుకుంటాను.

మీ అమ్మ కులాసా.

మామయ్య

*

కాగితాల ఆస్పత్రి,
రెండో అంతస్తు.
ఫిబ్రవరి 19

మామయ్యా,

చేతులు కడుక్కునే తెరిచాను. రెండుసార్లు కడుక్కున్నాను, నీ ఉత్తరానికి ఒకసారి, బొమ్మకు ఒకసారి.

నువ్వు గొడుగుల జోలికి వెళ్ళనక్కర్లేదు. కాగితం ఆయన వాడే రకమే, భూతద్దం కింద పెడితే అదే గరుకుతనం కనిపించింది. మూలన సంతకం మా దగ్గరున్న పదకొండు బొమ్మల సంతకాలతో పక్కపక్కన పెట్టి చూశాను. పాళీ ఒత్తిడి కూడా ఆయనదే. కోపంగా ఉన్నవాడు గీసినట్టు కాగితంలోకి దిగబడిపోతుంది. ఆ మొహం ముందు నేనూ కాసేపు ఏ పనీ చెయ్యలేదు. పక్క బల్ల మీద పటాలు అతికే ఆవిడ వచ్చి, "ఈవిడ ఎవరే, మా అత్తగారిలా చూస్తోంది, నా చీర మడతలు సరిగ్గా లేవన్నట్టు" అని వెళ్ళింది.

నివేదిక ముప్పాతిక రాసేశాను. ఏప్రిల్ పదో తేదీన గ్యాలరీ ఎంపిక సంఘం కూర్చుంటుంది. ఆలోపు ఒక్క పని మిగిలింది. ఎవడో మహానుభావుడు దీన్ని వెనకనుంచి అట్టకు మొత్తం అంటించేశాడు. నాలుగు మూలలా చిన్న పట్టీలు పెడితే పోయేదానికి, గోడకు సున్నం కొట్టినట్టు జిగురు కొట్టాడు. ఆ అట్ట పులిసి కాగితానికి గోధుమరంగు ఎక్కిస్తోంది. ఇంకో పదేళ్ళు వదిలేస్తే బొమ్మ బిస్కెట్టులా విరుగుతుంది. ఆ మనిషి చేతికి దొరికితే అతన్నే ఒక అట్టకు అంటించి ఎండలో పెడతాను. నీకు ఈ చుట్టుపక్కల ఫ్రేములవాళ్ళందరూ తెలుసు. ఎవరి పని ఇది? ఏ జిగురో తెలిస్తే నాకు సగం పని తగ్గుతుంది.

అమ్మకు మోకాలి నూనె పంపాను. రాసుకుందో లేదో కనుక్కో. రాసుకున్నానని చెబుతుంది, నువ్వు సీసా చూడు.

పిచ్చుక

*

ఫ్రేముల కొట్టు.
మార్చి 2

పిచ్చుకా,

సీసా చూశాను. మూత కూడా తియ్యలేదు.

జిగురు సంగతి అడిగావు. ఆ రోజుల్లో మైదా ఉడకబెట్టిన జిగురు తప్ప ఇంకేముంది? కాబట్టి మైదా అనుకో. అంటించినవాళ్ళ సంగతంటావా, ఈ వీధిలోనే ఏడుగురు ఫ్రేములవాళ్ళం ఉండేవాళ్ళం. ఒకాయన పెళ్ళి ఫొటోలు తప్ప ముట్టేవాడు కాదు, విడాకులైతే ఫ్రేము వాపసు తీసుకునేవాడు. ఇంకొకాయనకు ఎడమకంటికి చూపు తక్కువ. ఆయన కట్టినవన్నీ కుడివైపుకు ఒరిగేవి, ఆ ఇళ్ళల్లో పిల్లలందరూ మెడ వంచి నడిచేవాళ్ళని చెప్పుకునేవాళ్ళం. నేను ఎవరి దగ్గరా చేరి నేర్చుకోలేదు. పాత కాగితాల కొట్లో కిలోల లెక్కన కొన్న పుస్తకంలో ఫ్రేములు కట్టే విధానం మొదటి అధ్యాయం ఉంది, మిగతా అధ్యాయాలు ఎవరో పొట్లాలకు చింపేశారు. ఆ మిగతాదంతా నేనే ఊహించుకున్నాను. వాళ్ళలో ఇప్పుడు ఎవరు మిగిలారని పట్టుకుంటావు? పోయినవాళ్ళను తిట్టి ఏం లాభం?

ఒక్క మాట మాత్రం విను. దానికి తడి తగలనీకు. వెనక అట్టను పొడిగానే, పొరపొరగా గీకి తీసెయ్యి. నెలరోజులు పట్టినా సరే. ఆవిరి వద్దు, తడి అద్దుడు కాగితాలు వద్దు. నీటిరంగులు కదా, సున్నితం.

నర్సమ్మగారు సామాను సర్దుకుంటున్నారు. గోడ మీద బొమ్మ ఉన్నచోట తెల్లటి చదరం మిగిలిందట, దాన్నే చూస్తూ కాఫీ తాగుతున్నానని చెప్పింది.

మామయ్య

*

కాగితాల ఆస్పత్రి.
మార్చి 14

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది.

మైదా జిగురు తడికి తప్ప దేనికీ లొంగదని నాకు నేర్పింది మీరు. నా పదకొండో ఏట, మీ కొట్లో, ఒక పాత పంచాయతీ పటం వెనక అట్ట ఊడదీస్తూ. "పొడిగా గీకినవాడు కాగితాన్ని కూడా గీకుతాడు" అన్నారు. ఇప్పుడు తడి వద్దంటున్నారు. అందుకే పని మొదలుపెట్టకముందు ప్రతి రంగునూ, ప్రతి గీతనూ తడి దూదిపుల్లతో అద్ది చూశాను. ఎలాగూ చూసేదాన్నే, ఈసారి ఇంకాస్త జాగ్రత్తగా చూశాను.

మొహం, జుట్టు, భుజం, ఇస్త్రీపెట్టె, కుడిచెయ్యి: మసి సిరా, ఒక్క చుక్క కదల్లేదు, పైన నీటిరంగులూ నిలిచాయి. ఎడమచెయ్యి, బల్ల మీద బట్టను సాపు చేస్తున్న చెయ్యి, దూదికి నీలంగా అంటుకుంది. అది ఫౌంటెన్ పెన్ను ఇంకు. పక్కనుంచి దీపం వేసి చూస్తే ఆ చెయ్యి మేరకే కాగితం మెరుస్తోంది, తుమ్మబంక నీళ్ళు పూసినట్టు. చర్మం రంగు నీటిరంగు కాదు. అదేమిటో నాకు తెలియలేదు. మిగతా బొమ్మలో ఆ రంగు ఇంకెక్కడా లేదు.

మీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. మొహం గురించి రాశారు, మెడ గురించి రాశారు, కుడిభుజం గురించి రాశారు. ఎడమచేతి గురించి ఒక్క ముక్క లేదు. మీరు బొమ్మలో ఒక మూల వదిలేసి మాట్లాడటం నేను ఇంతవరకు చూడలేదు.

ఈ స్థితిలో నేను సంతకం పెట్టలేను. బొమ్మంతా ఒకే చేతి పని కాదు. ఎవరు గీశారో, ఎందుకు గీశారో తెలియకపోతే మిగతా బొమ్మను కూడా అనుమానించాల్సి వస్తుంది. అప్పుడిక గోదామే. సంఘానికి ఇంకా ఇరవై ఏడు రోజులుంది.

మీకు తెలిసింది రాయండి.

పిచ్చుక

*

ఫ్రేముల కొట్టు.
మార్చి 21

పిచ్చుకా,

నన్ను మీరు అన్నావు. ముప్ఫై ఏడేళ్ళలో మొదటిసారి. ఆ ఉత్తరం మీ అమ్మకు చూపించలేదు. చూపిస్తే నిన్ను కాదు, నన్నే తిట్టేది, సరిగ్గానే తిట్టేది.

ఎడమచెయ్యి నాది. ఎలా అంటే అలా నాది. గీసిందీ నేనే, చూసి గీసిందీ నా చెయ్యే. అట్టకు సున్నం కొట్టినట్టు జిగురు కొట్టిన మహానుభావుడు కూడా నేనే. నన్ను ఎండలో పెట్టదలచుకుంటే పొద్దున పూట పెట్టు, మధ్యాహ్నం తట్టుకోలేను.

ముప్ఫై నాలుగేళ్ళ కిందట నర్సమ్మగారు బొమ్మ తెచ్చి కొత్త ఫ్రేము కట్టమన్నారు. మొత్తంగా అంటిస్తే ముడతలు రావని నాకు అప్పట్లో గొప్ప నమ్మకం. మొదటి అధ్యాయంలో అలానే ఉంది, అలా చెయ్యకూడదన్నది రెండో అధ్యాయంలో ఉండుంటుంది. అంటిస్తుంటే నా బొటనవేలి జిగురు ముందువైపు ఒక చోట పడింది. ఆ ఎడమచేతి మీద. తుడిచాను. తుడిచానని అనుకున్నాను. ఆ వానాకాలమంతా ఆవిడ వేరే ఊళ్ళో డ్యూటీలో ఉండటంతో బొమ్మ కొట్లో గోడకు ఆనించి ఉండిపోయింది. ఆవిడ వచ్చేసరికి విప్పి చూద్దును కదా, పాత పుస్తకాల్లో వెండిరంగులో జారిపోతుంటాయే, ఆ పురుగులు జిగురు పడినంత మేరా కాగితం పైచర్మం నాకేశాయి. సిరాతో సహా. మణికట్టు దాకా తెల్లగా ఉంది.

రెండురోజులు కొట్టు తియ్యలేదు. మూడోరోజు తుమ్మబంక నీళ్ళు పూసి, ఆరాక, నా ఎడమచెయ్యి బల్ల మీద పరిచి, చూస్తూ గీశాను. మసి సిరా కొనడానికి వెళితే కొట్టు మూసి ఉంది. జేబులో పెన్ను ఉంది. చర్మం రంగు నీకు తెలియలేదన్నావు. అది టీ. రెండో డికాషను.

ఇక నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. ఈ విద్యలో ఉన్నదానివి కాబట్టి నీకు వచ్చే ఉంటుంది: మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు కదా, ఆ విషానికి పురుగు దగ్గరకు రాదు కదా అని. కలుపుతారు. నేనూ కలిపేవాణ్ణి. ఆ ఏడు మానేశాను. మీ అమ్మ టెలిఫోను ఎక్స్ఛేంజికి వెళుతూ నిన్ను నా కొట్లో దించి వెళ్ళేది. నీకు మూడేళ్ళు. ఇంట్లో ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసేదానివి, నా జిగురు గిన్నె ఎక్కడ దాచినా వెతికి వేలు ముంచి నాకేదానివి. పై అరలో పెడితే స్టూలెక్కావు. అల్మారాలో పెడితే తాళంచెవి దాచేశావు, అది ఇప్పటికీ దొరకలేదు. రెండు దార్లు ఉన్నాయి నాకు: నిన్ను మాన్పించడం, విషం మానెయ్యడం. మొదటిది నావల్ల కాలేదు.

ఇది నీ మీదకు తోస్తున్నానని అనుకోకు. ఇలా అనుకుంటావనే ఇన్నేళ్ళూ చెప్పలేదు. గిన్నె నాది, కొట్టు నాది, బొటనవేలు నాది.

ఉత్తరం ఇక్కడ ఆపి నిన్న బస్సెక్కి నర్సమ్మగారి దగ్గరకు వెళ్ళాను. నీకు రాసి ఆవిడకు చెప్పకపోతే అది సగం నిజమే అవుతుంది. పెట్టెల మధ్య కూర్చుని పేపర్లో గ్లాసులు చుడుతోంది.

"చెయ్యి నాది నర్సమ్మగారూ" అన్నాను.

"ఏ చెయ్యి?"

"బొమ్మలో ఎడమచెయ్యి. మీ అమ్మగారిది నా కొట్లో పురుగు తినేసింది. నేను గీసి పెట్టాను."

"ఇది చెప్పడానికా ఇంత దూరం వచ్చావు? కూర్చో. ఆ పెట్టె మీద కాదు, అందులో గాజుసామానుంది. తెలుసులే తమ్ముడూ."

"ఎప్పటినుంచి?"

"నువ్వు కాగితం విప్పి చూపించిన రోజునుంచి. అది మా అమ్మ చెయ్యి కాదని నాకు తెలియదా? దాంతో దెబ్బలు తిన్నదాన్ని."

"అప్పుడే అడగలేదేం మరి?"

"అడిగితే ఏం చేసేవాడివి?"

"చచ్చేవాణ్ణి."

"అందుకే అడగలేదు. నర్సుని కదా."

నా చేతిలో ఒక గ్లాసు పెట్టి చుట్టమంది. చుట్టాను. నాలుగో గ్లాసు దగ్గర అంది: "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను మొహమే చూసుకున్నాను, చెయ్యి వైపు చూసేదాన్ని కాదు. రేపు గోడకెక్కాక అందరూ చూస్తారు. మా అమ్మ చెయ్యి అదేననుకుంటారు. మీ మేనకోడలితో చెప్పి అది తీసేయించు. లేని చెయ్యి లేనట్టే ఉండనీ."

"చెయ్యి లేకపోతే గోడకు తగిలించరేమో."

"అయితే ఈ గదికి తెచ్చుకుంటాను. తలుపు తీసేయించి ఆ చోట పెట్టుకుంటాను."

తలుపు తీసేస్తే దొంగలు రారా అన్నాను. వచ్చి మా అమ్మ మొహం చూసి వెళ్ళిపోతారు అంది.

కాబట్టి కడిగెయ్యి. నా గురించి సందేహించకు. నివేదికలో నా పనిని నా పనిగానే రాయి, ముద్దుపేర్లు పెట్టకుండా.

మామయ్య

*

కాగితాల ఆస్పత్రి.
ఏప్రిల్ 12

మామయ్యా,

ముందు నీ చెయ్యి సంగతి. అద్దుడు కాగితం కింద పెట్టి, తడి చుక్క చుక్కగా వదులుతూ, మూడురోజులు తీశాను. మొదట టీ పోయింది. ఆ తర్వాత చిటికెన వేలినుంచి మొదలై ఒక్కొక్క వేలూ నీలంగా కరిగి కిందకు దిగింది. చెయ్యి బాగానే గీశావు మామయ్యా. గోళ్ళ దగ్గర ఇరుక్కున్న జిగురు కూడా గీశావు, పిచ్చిమనిషివి. చివరి అద్దుడు కాగితం పారెయ్యలేదు. నా సొరుగులో ఉంది.

తర్వాత బొమ్మను బోర్లా పడుకోబెట్టి అట్ట తీశాను. నీ జిగురు నీలాగే, పైకి మొండి, గోరువెచ్చటి తడి తగలగానే వదిలేస్తుంది. అట్ట పూర్తిగా ఊడిపోయాక, కాగితం వెనక ఎండిన జిగురు తుడుస్తుంటే వేలికి ఏదో గీరుకుంది. దీపం పక్కకు వంచాను.

ఆయన పాళీ కాగితంలోకి దిగబడుతుందని రాశాను కదా. పురుగులు ముందువైపు చర్మం తిన్నాయి, లోపలి ఒత్తు తినలేదు. ముందువైపు గాడి, వెనకవైపు గట్టు. ఆ గట్టుల్లో చెయ్యి మొత్తం ఉంది. తిరగేసి పక్కనుంచి దీపం వేస్తే ముందువైపు గాడుల్లోనూ తేలింది. మణికట్టు ఎముక, మెటికలు, అన్నీ. నాలుగు వేళ్ళు బట్ట మీద పరిచి ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం గాల్లోకి లేచి ఉంది, బట్టను తాకకుండా.

అప్పుడు అర్థమైంది, ఇది ఊహించి గీయగలిగేది కాదు. ఎదురుగా నిలబడి చూసినవాడే గీస్తాడు.

సంఘం ముందురోజు నర్సమ్మగారిని పిలిపించాను. ఎదురుగా చూసి, తెల్లటి చోటు చూసి, "ఇదే నయం" అన్నారు. కుర్చీ పక్కకు జరిపి దీపం వంచాను. ఆవిడ ముందుకు వంగారు. "ఆ వేలు వంగేది కాదమ్మా. బొగ్గుల పెట్టె మీద పడి కాలింది. దెబ్బ వేసినప్పుడు నాలుగే తగిలేవి" అన్నారు. తన చిటికెన వేలు ఒక్కటి పైకెత్తి, నాలుగు వేళ్ళతో నా బల్ల అంచును ఒకసారి సాపు చేసి, చేతిసంచీ తీసుకుని బస్సుకు వెళ్ళిపోయారు.

నిన్నకాక మొన్న సంఘం కూర్చుంది. గ్యాలరీ పెద్దాయన, "చెయ్యి లేని బొమ్మను గోడకెలా తగిలిస్తామమ్మా" అన్నారు. గది దీపాలు ఆర్పించి, పక్కనుంచి ఒక్క దీపం పట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూశారు. తూర్పుగోడ ఇచ్చారు. పక్కన దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండాలని రాతలో పెట్టించాను. నివేదికలో ఒకే చేతి పని అని రాసి, దాని కింద ఇంకో వాక్యం రాశాను: ఎడమచెయ్యి చిత్రకారుడిదే, సిరా పోయింది, చెయ్యి ఉంది. సంతకం పెట్టాను.

నీ పని నీ పనిగానే రాశాను. మొత్తంగా అంటించింది నువ్వని, తిరగగీసింది నువ్వని, టీతో సహా. తప్పించలేదు.

ఆ కాగితంలో ఇంకో గడి ఉంటుంది మామయ్యా, "నష్టానికి కారణం" అని. మామూలుగా అందులో తేమ అని రాస్తాం, పురుగు అని రాస్తాం, ఒక్క మాటతో సరిపోతుంది. నేను రెండు వాక్యాలు రాశాను. పెద్దాయన చదివి, "ఈ రెండోది అవసరమా" అన్నారు.

"కారణం అడిగారు కదండీ, అదే కారణం" అన్నాను.

సరే ఉండనివ్వమన్నారు. ఇక అది బొమ్మతోపాటు ఎప్పటికీ ఉంటుంది. ఏం రాశానో నీకు తెలియాలి కాబట్టి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"జిగురులో మైలుతుత్తం కలపలేదు. కొట్లో మూడేళ్ళ పిల్ల ఉండేది."

నీ
పిచ్చుక